బొమ్మల దండు – 9: బల్ల దిగిన సైన్యం

గత భాగాన్ని 1987 దగ్గర ఆపాను. రిక్ ప్రీస్ట్‌లీ రాసిన 'వార్‌హామర్ 40,000: రోగ్ ట్రేడర్' పుస్తకం అచ్చయి ఇంగ్లండ్ దుకాణాలకొచ్చింది. దాంతోపాటే డబ్బాకి 30 మంది చొప్పున ప్లాస్టిక్ సైనికులూ వచ్చారు. 1975లో ముగ్గురు స్నేహితులు చెక్కతో ఆటపలకలు చేసి అమ్ముకుందామని లండన్‌లో మొదలుపెట్టిన గేమ్స్ వర్క్‌షాప్, పన్నెండేళ్లు తిరిగేసరికి నాటింగ్‌హామ్‌కి మకాం మార్చి, నలభై వేల సంవత్సరం నాటి యుద్ధాన్ని బొటనవేలంత బొమ్మల్లో పోతపోసి అమ్ముతోంది.

ఆ లోకం గురించి కొత్త పాఠకులకి రెండు ముక్కలు. మనుషులు నక్షత్రాల దాకా విస్తరించారు, కానీ బాగుపడలేదు. వాళ్ల చక్రవర్తి పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం మీద చావకా బతకకా కూర్చుని ఉంటాడు. ఆయన్నే దేవుడని మొక్కుతారు, ఆయన పేరు చెప్పి గ్రహాలకి గ్రహాలు తగలబెడతారు. ఎదుటి పక్షాలూ అంతకంటే మంచివి కావు. మొదట్లో ఇదంతా బ్రిటిష్ వాళ్ల వెటకారం. కొన్నవాళ్లలో కొందరు దాన్ని నిజంగానే వీరగాథ అనుకున్నారన్నది వేరే సంగతి.

ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చుందాం. నా వైపు చక్రవర్తి సైనికులైన స్పేస్ మెరీన్లు పదిమంది, మీ వైపు పచ్చ చర్మం ఓర్కుల గుంపు. నేను టేపు తీసి దూరం కొలుస్తాను. గడ్డం బల్లకి ఆన్చి, నా బొమ్మ కళ్లతో చూస్తాను. మీ బొమ్మ గోడచాటున పూర్తిగా దాక్కుందా, భుజం బయటికి కనిపిస్తోందా? కనిపిస్తోందని నేను, లేదని మీరు. ఇక్కడ కాసేపు తగువు. అది తేలాక పది పాచికలు గుప్పిట్లోకి తీసుకుని విసురుతాను. మూడు, ఆపైన పడ్డవి తగిలినట్టు. ఆరో ఏడో ఉంటాయి. వాటిని ఏరి మళ్లీ వేస్తాను. నాలుగు, ఆపైన పడితే గాయమైనట్టు. చివరికి మూడు మిగిలాయనుకుందాం. ఆ మూడు పాచికలూ మీ చేతిలో పెడతాను. మీ ఓర్కుల ఒంటిమీది చింకి కవచం వాళ్లని కాపాడుతుందో లేదో మీరే వేసుకోవాలి. ఆరు పడాలి. పడదు. మీ చేత్తో మీరే మూడు బొమ్మలు తీసి పక్కన పెడతారు.

చంపేది నేను, ఆఖరి పాచిక మీది. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన మర్యాద ఇదే. అరగంటలో అవ్వాల్సిన పోరు మూడు గంటలు సాగేది కూడా దీనివల్లే.

మరి దీన్నంతా కంప్యూటర్‌కి అప్పగిస్తే? మూడు విసుర్లూ కనురెప్పపాటులో అయిపోతాయి. తగువు ఉండదు, గడ్డం బల్లకి ఆన్చడం ఉండదు, పాచిక గరగరలాడదు. ముగ్గురు చచ్చారని ఒక అంకె కనిపిస్తుంది, అంతే. నియమాలన్నీ తు.చ. తప్పకుండా దించుకున్నా ఆట మాత్రం బల్ల మీదే ఉండిపోతుంది. ఈ ఆటల్ని తెరకెక్కించిన ప్రతివాడికీ ఈ గోడ అడ్డం వచ్చింది. కొందరు తల బాదుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం గోడ పక్కనుంచి దారి చూసుకున్నారు.

తల బాదుకోవడం షెఫీల్డ్‌లో మొదలైంది. అక్కడి గ్రెమ్లిన్ గ్రాఫిక్స్ సంస్థ 1992లో 'స్పేస్ క్రూసేడ్'ని అమీగా, అటారీ, స్పెక్ట్రమ్ యంత్రాల మీదికి తెచ్చింది. గేమ్స్ వర్క్‌షాప్‌తో కలిసి మిల్టన్ బ్రాడ్లీ రెండేళ్ల ముందు విడుదల చేసిన పిల్లల డబ్బా ఆట అది. గ్రెమ్లిన్ వాళ్లు గళ్లని గళ్లుగానే, వంతుల్ని వంతులుగానే దించారు. బుద్ధిమంతుడైన విద్యార్థి నోట్సు రాసుకున్నట్టు ఉంటుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికీ పెద్దగా లేదు.

అసలు మలుపు ఆ మరుసటి ఏడు వచ్చింది. దానికోసం ముందు 'స్పేస్ హల్క్' గురించి చెప్పాలి.

1989లో గేమ్స్ వర్క్‌షాప్ ఈ పేరుతో ఒక డబ్బా ఆట తెచ్చింది. రిచర్డ్ హాలివెల్ రూపకల్పన. అంతరిక్షంలో దిక్కులేకుండా కొట్టుకుపోతున్న పాత ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుని, అతుక్కుని, ఒక ఊరంత ముద్దగా తయారవుతాయి. దాన్నే స్పేస్ హల్క్ అంటారు. దాని ఇరుకు దారుల్లోకి పదిమంది టెర్మినేటర్లు దిగుతారు. స్పేస్ మెరీన్లలోనే పెద్దవాళ్లు వీళ్లు, నడిచే ఇనప్పెట్టెల్లా ఉంటారు. ఆ చీకట్లో జీన్‌స్టీలర్లనే జంతువులు కాచుకుని ఉంటాయి. 1986లో వచ్చిన 'ఏలియన్స్' సినిమా చూసినవాళ్లకి ఎక్కడో చూసినట్టు అనిపిస్తే అది వాళ్ల తప్పు కాదు.

లెక్క చూడండి. ప్రతి వంతులో టెర్మినేటర్‌కి నాలుగు పాయింట్లు, జీన్‌స్టీలర్‌కి ఆరు. టెర్మినేటర్ ఒక గడి ముందుకెయ్యాలన్నా, ఉన్నచోటే పక్కకి తిరగాలన్నా, తుపాకీ పేల్చాలన్నా పాయింటు ఖర్చు. దూరం నుంచైతే తుపాకీ వాడిది పైచేయి. ఒక్కసారి జంతువు దగ్గరికొచ్చి మీద పడితే అతనికి ఒక పాచిక, దానికి మూడు. పెద్ద అంకె పడ్డవాడు బతుకుతాడు. మన పులిజూదంలో మూడు పులులూ పదిహేను మేకలూ ఉన్నట్టే, ఇక్కడా రెండు పక్షాల బలం ఒకటి కాదు, ఎత్తులూ ఒకటి కావు. కాకపోతే ఇక్కడ మేకలకి కోరలున్నాయి, పులులకి మెడ తిరగదు.

ఇదంతా ఒక ఎత్తు, హాలివెల్ పెట్టిన ఇంకొక్క నియమం ఒక ఎత్తు. మెరీన్లని ఆడేవాడికి మాత్రం గడియారం పెట్టాడు. ఆ గడువులోనే అయిదుగురినో పదిమందినో జరిపి తీరాలి. గడువు దాటితే మిగిలినవాళ్లు ఉన్నచోటే ఉండిపోతారు. జంతువుల వైపు కూర్చున్నవాడికి అలాంటి తొందరేమీ లేదు. కాలు మీద కాలేసుకుని ఆలోచించుకోవచ్చు. ఒకే బల్లకి అటు తాపీ, ఇటు చెమట. అట్టముక్కల ఆటలో భయం పుట్టించడానికి ఇంతకంటే చౌకైన ఉపాయం నేనెక్కడా చూడలేదు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంగ్లండ్ శాఖ వాళ్లు 1993లో ఈ ఆటని కంప్యూటర్‌కి తెచ్చినప్పుడు పట్టుకున్నది ఆ గడియారాన్నే. గళ్లూ దారులూ పటం మీద ఉన్నాయి, నిజమే. కానీ వంతులు తీసేశారు. కాలం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మీకు ఊపిరి తీసుకోవాలనిపిస్తే కాలాన్ని గడ్డకట్టించవచ్చు. ఆ స్తంభించిన నిమిషాల్లో తీరిగ్గా పటం చూసి ఒక్కొక్కరికీ ఆజ్ఞలివ్వవచ్చు. అయితే ఆ నిమిషాలు దాచుకున్న డబ్బు లాంటివి, ఖర్చవుతాయి. అయిపోయాక మళ్లీ పోగవ్వాలంటే నడుస్తున్న కాలంలో, జంతువులు పరుగెత్తుకొస్తుండగా ఆడాల్సిందే. బల్ల మీద అవతలివాడు గడియారం చూసి "టైమైంది" అంటే కడుపులో ఏమవుతుందో, ఇక్కడ ఆ ముల్లు సున్నాకి చేరుతుంటే అదే అవుతుంది. నియమం మారింది, భయం మారలేదు.

రెండో ఉపాయం ఇంకా గొప్పది. గడ్డం బల్లకి ఆన్చి బొమ్మ కళ్లతో చూడ్డం గురించి పైన చెప్పాను కదా. ఈ ఆట మిమ్మల్ని నేరుగా ఆ బొమ్మ శిరస్త్రాణంలో కూర్చోబెట్టింది. అయిదుగురు సైనికులు, అయిదు చూపులు, తెర మీద అయిదు కిటికీలు. ఒకరి తుపాకీ మీరు పేలుస్తుంటే మిగతా నలుగురి కళ్లకి ఏం కనబడుతోందో పక్క కిటికీల్లో చూసుకోవాలి. ఈ వ్యాసం కోసం దాన్ని మళ్లీ ఆడాను. ముప్ఫై ఏళ్ల కిందటి ముతక బొమ్మలు, గోడలన్నీ ఒకటే గోడ. అయినా మూలనున్న కిటికీలో ఏదో కదిలిందని గమనించి, చెయ్యి అటు పోయేలోపు ఆ కిటికీ ఆరిపోతే వెన్ను జలదరించింది. రెండో ప్రయత్నంలోనూ మొదటి తలుపు దాటలేదు. మా అబ్బాయి వెనకనుంచి చూసి, "తుపాకీ పేలట్లేదేంటి నాన్నా?" అన్నాడు. బిగుసుకుపోయింది. అదీ బల్ల మీదిదే. కాపలా కాస్తూ పేల్చేటప్పుడు రెండు పాచికలూ ఒకే అంకె పడితే తుపాకీ బిగుసుకుపోవాలని అట్టడబ్బాలో రాసిన నియమం. దాన్ని మాత్రం వీళ్లు వదల్లేదు. ఏది వదలాలో, ఏది ఉంచాలో తెలియడమంటే ఇదే.

ఇక్కడ చిన్న పక్కదారి. అవే రోజుల్లో అమెరికాలో ఒక చిన్న కంపెనీ రాజులూ ఓర్కులూ కొట్టుకునే ఆట తయారుచేస్తోంది. దాని అధిపతుల్లో ఒకరైన ఆలెన్ ఆధమ్‌కి దానిమీద వార్‌హామర్ పేరు వేస్తే బాగా అమ్ముడుపోతుందని ఆశ. అక్కడే పనిచేసిన ప్యాట్రిక్ వయట్ తర్వాతి రోజుల్లో ఈ సంగతి చెప్పుకొచ్చారు. అంతకుముందు డీసీ కామిక్స్ వాళ్ల సూపర్‌మ్యాన్ మీద ఆటలు చేసి, ఒకరి సొత్తు మీద పనిచేస్తే ఎంత నస పడాలో రుచి చూసినవాళ్లు ఒప్పుకోలేదు. మన లోకం మనమే కట్టుకుందామన్నారు. ఆ కంపెనీ బ్లిజార్డ్. 1994లో వచ్చిన ఆ ఆట 'వార్‌క్రాఫ్ట్'. 1998లో వాళ్లే తెచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్'లో భుజాలు లావుపాటి కవచధారుల్నీ, వాళ్ల మీద పడే పురుగుల దండునీ చూసి, నాటింగ్‌హామ్ బొమ్మలు తెలిసినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. పోలిక ఎంత, కాపీ ఎంత అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నేను ఏ పక్షమూ తీసుకోను. ప్రీస్ట్‌లీ బృందం కూడా తమ ఓర్కుల్ని ఆకాశంలోంచి తెచ్చుకోలేదు కదా.

వ్యాపార కోణంలో మాత్రం ఇది గేమ్స్ వర్క్‌షాప్‌కి పెద్ద దెబ్బే. వాళ్ల లోకంలాంటి లోకంతో ఎవరో కోట్లు గడిస్తుంటే, వాళ్ల పేరు పెట్టుకున్న ఆటలు ఒక మూలన నడుస్తున్నాయి. 1997 నుంచి 1999 దాకా ఎస్ఎస్ఐ అనే అమెరికన్ సంస్థ మూడు విడుదల చేసింది. 'ఫైనల్ లిబరేషన్'లో నిజం మనుషులు అట్ట కవచాలు తొడుక్కుని కేకలేసే దృశ్యాలుంటాయి. మన పౌరాణిక నాటకాలు ఇష్టపడేవాళ్లకి తప్పకుండా నచ్చుతాయి. 'ఖేయాస్ గేట్' వంతులవారీ ఆట, గట్టిది, ఇప్పటికీ అభిమానులున్నారు. 'రైట్స్ ఆఫ్ వార్' రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల ఆటకి వేసిన కొత్త వేషం. ట్యాంకులున్నచోట గ్రహాంతర వాసుల్ని నిలబెట్టారు. 2003లో 'ఫైర్ వారియర్' అని తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటొకటి వచ్చింది, పోయింది.

అప్పటికి హక్కులు టీహెచ్‌క్యూ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ చేతిలో ఉన్నాయి. 2004లో ఆ సంస్థ కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న రెలిక్‌ని కొనేసింది. రెలిక్ అప్పటికే 1999లో 'హోమ్‌వరల్డ్' చేసి పేరు తెచ్చుకున్న బృందం. 2004 సెప్టెంబరులోనే వాళ్ల 'డాన్ ఆఫ్ వార్' విడుదలైంది.

ఆ కాలపు యుద్ధతంత్రం ఆటలు ఎలా ఉండేవో ఇంటర్నెట్ కేఫుల్లో గంటలు తగలేసిన తరానికి చెప్పక్కర్లేదు. కూలీల్ని పంపి చెట్లు కొట్టించాలి, బంగారం తవ్వించాలి, ఇల్లు కట్టాలి. యుద్ధం కంటే సంసారం ఎక్కువ. రెలిక్ ఆ తవ్వకాలన్నీ తీసి అవతల పారేసింది. మైదానంలో అక్కడక్కడా కీలక స్థానాలు ఉంటాయి. వాటిని పట్టుకుని జెండా పాతితేనే సరఫరా వస్తుంది. ఇంట్లో కూర్చుంటే దివాలా. కాబట్టి మొదటి నిమిషం నుంచే కొట్లాట. సైనికులు ఒక్కొక్కరుగా కాదు, దళాలుగా కదులుతారు. దళంలో సగంమంది పోతే వెనక్కి రప్పించక్కర్లేదు, ఉన్నచోటే కొత్తవాళ్లని చేర్చుకోవచ్చు. ప్రతి దళానికీ గుండెధైర్యం లెక్క ఉంటుంది. అది విరిగితే తుపాకీ గురి తప్పుతుంది. బల్ల మీది నియమాల పుస్తకంలోంచి వచ్చినవి ఇందులో చాలా కొద్ది. కానీ బల్ల మీద ఆడినవాడు చూడగానే ఇది మన ఆటే అన్నాడు. ఎందుకని?

నా మటుకు నాకు సమాధానం ఆట మొదలుకాకముందే, ఒక చిన్న మెనూలో దొరుకుతుంది. 'ఆర్మీ పెయింటర్' దాని పేరు. ఈ ధారావాహిక మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి తెలుసు, బల్ల మీది యుద్ధంలో ఆడే గంటల కంటే రంగులేసే గంటలు ఎక్కువ. కొన్న బొమ్మ బూడిదరంగు ప్లాస్టిక్. దాన్ని కత్తిరించి, అతికించి, సన్నటి కుంచెతో భుజానికొక రంగు, అంచుకొక రంగు, కంటికొక చుక్క పెట్టాకే అది మీ సైన్యం. డబ్బాలో వచ్చిన ముప్ఫైమందీ కవలలు. మీ ముప్ఫైమంది ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. రెలిక్ వాళ్లు దీన్ని కనిపెట్టారు. ఆ మెనూలో మీ సైనికుడు మీ ఎదురుగా నిలబడతాడు. కవచానికి, అంచులకి, తుపాకీకి, కళ్లకి విడివిడిగా రంగు ఎంచుకోవచ్చు. భుజం మీద గుర్తు మీరే గీసుకుని పెట్టొచ్చు, జెండా కూడా. ఎవరో తన గదిలో నెలల తరబడి రంగులేసుకున్న సొంత దండు సాయంత్రానికల్లా తెరమీద లేచి పరుగెత్తింది. పాచికల్ని కాదు, కుంచెని తెచ్చారు రెలిక్ వాళ్లు.

ఆ పరుగులోనూ ఒక చమత్కారం ఉంది. ఇద్దరు కలబడి కొట్టుకునేటప్పుడు చావుదెబ్బ ఉట్టినే పడదు. డ్రెడ్‌నాట్ అనే నడిచే ఇనప గుమ్మటం ఓర్కుని ఒంటిచేత్తో పైకెత్తి కాసేపు అలాగే పట్టుకుంటుంది. బల్ల మీద ఆ క్షణంలో మీరు బొమ్మని తీసి పక్కన పెడతారు, మనసులో మాత్రం ఇదంతా చూస్తారు. ఆ మనసులోని సినిమాని వీళ్లు బయటికి తీశారు. పటాన్ని దూరం నుంచి చూసి ఆడాల్సిన ఆటలో ఇలాంటివి చూద్దామని దగ్గరికి తెచ్చుకుని, ఈలోపు అవతల కోట పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. నేనూ ఒకణ్ని.

ఇంకొక ముచ్చట. రెలిక్ కథకి ఒక స్పేస్ మెరీన్ దళం కావాలి. ఉన్నవాటిలో ఎర్రటి బ్లడ్ ఏంజెల్స్, నీలం అల్ట్రామెరీన్స్ లాంటి పెద్ద పేర్లున్నాయి. కానీ వాళ్ల కథలన్నీ అప్పటికే నాటింగ్‌హామ్ పుస్తకాల్లో అచ్చయిపోయాయి. కాలు కదపడానికి చోటు లేదు. అందుకని కొత్త దళాన్నే పుట్టించారు. పేరు బ్లడ్ రావెన్స్, గుర్తు రెక్కలు చాచిన కాకి, గుండెలో నెత్తుటి చుక్క. తమని ఎవరు స్థాపించారో తమకే తెలియని దళమని కథ రాశారు. పుట్టుక తెలియనివాళ్ల చరిత్రని సరిదిద్దడానికి ఎవరూ రారు కదా. కంప్యూటర్ ఆట కోసం పుట్టిన ఆ దళం తర్వాత గేమ్స్ వర్క్‌షాప్ సొంత పుస్తకాల్లో, బొమ్మల ప్రపంచంలో స్థిరపడిపోయింది. ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉండదన్నమాట. అభిమానులు మాత్రం వీళ్లని దొంగకాకులంటారు. తర్వాతి ఆటల్లో వేరే దళాల పవిత్ర ఆయుధాలు వీళ్ల సామాన్ల గదిలో కనపడటమే కారణం. "బహుమతిగా ఇచ్చారు" అని వీళ్ల జవాబట.

కొనసాగింపులు వరసగా వచ్చాయి. 2005లో 'వింటర్ అసాల్ట్', 2006లో 'డార్క్ క్రూసేడ్', 2008లో 'సోల్‌స్టార్మ్'. వీటిలో 'డార్క్ క్రూసేడ్' ఒక్కటి ఆడితే చాలంటాను. ఏడు సైన్యాలు, ఒక గ్రహం, దాని పటం మీద ముక్క ముక్కగా ఆక్రమణ. 2009లో వచ్చిన 'డాన్ ఆఫ్ వార్ 2' ఇళ్లు కట్టడం కూడా మానేసి, వేళ్లమీద లెక్కపెట్టగలిగిన దళాలతో ఆడమంది. పాత అభిమానుల్లో సగంమంది అలిగారు. నాకైతే అది ఇరవై ఏళ్ల కిందటి అట్టడబ్బా ఇరుకు దారుల్ని గుర్తుచేసింది.

పైకి అంతా బాగానే ఉంది. లోపల టీహెచ్‌క్యూ చెడుతోంది. ఈ పతనంలో ఒక వింత ఉంది. రంగులేసుకునే మెనూతో లక్షలమంది మనసు గెలిచిన సంస్థని ముంచింది మరో రంగుల పలకే. యూడ్రా అని, టీవీకి తగిలించుకుని బొమ్మలు గీసుకునే పలక. 'వీ' అనే ఆట యంత్రానికి చేసినప్పుడు బాగానే పోయింది. ఆ ధైర్యంతో 2011లో ప్లేస్టేషన్ 3కీ, ఎక్స్‌బాక్స్ 360కీ చేశారు. తుపాకులు పేల్చుకునే ఇళ్లలో రంగుల పలక ఎవరికి కావాలి? గోడౌన్లలో గుట్టలుగా మిగిలిపోయింది. టెక్సస్‌లోని విజిల్ అనే అనుబంధ బృందం లక్షలమంది ఒకేసారి ఆడే వార్‌హామర్ ఆటని 2010లోనే ప్రకటించింది. డబ్బు చాలక 2012 మార్చిలో దాన్ని ఒంటరిగానో కొద్దిమందితోనో ఆడుకునే ఆటకి కుదించారు. ఆ తర్వాత అదీ లేదు. అదే ఏడాది డిసెంబరు 19న టీహెచ్‌క్యూ దివాలా పిటిషన్ వేసింది. 2013 జనవరిలో వేలం. రెలిక్‌ని 2 కోట్ల 66 లక్షల డాలర్లకి జపాన్ సంస్థ సెగా పాడుకుంది. విజిల్‌ని ఎవరూ పాడలేదు.

ఆ వేలానికి పదహారు నెలల ముందు, 2011 సెప్టెంబరులో, టీహెచ్‌క్యూ నీడలో రెలిక్ చివరి సాహసం ఒకటి చేసింది. ఆ ఆట పేరు ఉత్తి 'స్పేస్ మెరీన్'. దళాల్లేవు, పటం లేదు. కెప్టెన్ టైటస్ అనే ఒక్క అల్ట్రామెరీన్ వీపు వెనక కెమెరా. ఆనాటి చాలా తుపాకీ ఆటల్లో హీరో గోడచాటున నక్కి నక్కి పేలుస్తుంటే, ఇందులో నక్కడానికి మీటే లేదు. గాయపడితే వెనక్కి తగ్గి కోలుకోవడం కాదు, ముందుకెళ్లి ఎదుటివాణ్ని దగ్గర్నుంచి నరికితేనే ప్రాణం తిరిగొస్తుంది. బల్ల మీద బొటనవేలంత ఉన్నవాడి బరువు ఎంతో మొదటిసారి తెలిసింది. అతను మెట్లు దిగుతుంటే నేల దద్దరిల్లుతుంది.

చివరి ఘట్టంలో టైటస్ ఒక గ్రహాన్ని కాపాడతాడు. మామూలు మనిషిని మాడ్చేసే దుష్టశక్తి తనకి సోకినా అతనికేమీ కాలేదు. అది చూసి అతని దళంలోని కుర్రవాడే అనుమానపడి పైవాళ్లకి చేరవేస్తాడు. అనుమానితుల్ని విచారించే ఇన్‌క్విజిషన్ అధికారులు వస్తారు. టైటస్ తన మనుషుల్ని ముట్టుకోవద్దని అడిగి, తనంతట తనే వాళ్ల వెంట నడుస్తాడు. అక్కడితో ఆట ఆగింది. రెండో భాగం ఉంటుందన్న ఆశ వేలంలో కొట్టుకుపోయింది. టైటస్ మళ్లీ కవచం తొడగడానికి పదమూడేళ్లు పట్టింది.

(సశేషం)